ఇల్లు చేరని రొట్టె

మా వీధి చివర నిలబడి "ఇక్కడి చెరువెక్కడండీ?" అని ఎవరినైనా అడిగితే నవ్వి ఊరుకుంటారు. మాసబ్ ట్యాంకులో ట్యాంకు లేదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగంను జనం గౌరవంగా "మా సాహెబా" అనేవారు. ఆమె పేరిట ఉన్న తటాకం మా సాహెబా తలాబ్. ఆ పేరు నలుగురి నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంకయింది. చెరువు పూడిపోయి, ఆ మేరన ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది. వస్తువు పోయి పేరు మాత్రం మిగిలిన ఈ పేటలో కూర్చుని, వస్తువు ఊళ్లోకి వచ్చి వందల ఏళ్లయినా మన వంటింట్లో చోటు దొరకని ఒక తిండిని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఆ తిండి పొంగిన రొట్టె.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, లోకంలో చాలామందికి పట్టిన పిచ్చే నాకూ పట్టింది. పిండి, నీళ్లు, ఉప్పు - ఈ మూడే వేసి, గాలిలోనూ పిండిలోనూ ఉన్న సూక్ష్మజీవులతోనే పులియబెట్టి, చేత్తో మలిచి కాల్చే రొట్టె. ఈస్టు పొట్లాలు దుకాణాలలో దొరకని ఆ రోజుల్లో అది అవసరం కూడా. మొదటి రొట్టె ఓవెన్లోంచి తీసి బల్ల మీద పెట్టినప్పుడు మా అమ్మ దానిని చూసి అడిగిన మొదటి ప్రశ్న: "జ్వరం ఎవరికిరా?"

రొట్టె ఎంత గట్టిగా వచ్చిందంటే, జ్వరం ఉన్నవాడికి పెడితే పళ్లనొప్పి కూడా వచ్చేది. ఆ సంగతి అలా ఉంచితే, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. మా అమ్మ తరంలో గోదావరి జిల్లాల ఇళ్లలో రొట్టెకు ఉన్న స్థానం అంతే. డాక్టరుగారు చెబితే కొనుక్కొచ్చి పాలలో ముంచి రోగికి పెట్టేది. ఆరోగ్యవంతుడు ఆకలేసి తినేది కాదు, ఇల్లాలు వండేది అంతకన్నా కాదు. ఎందుకని?

హైదరాబాదుకు రొట్టె కొత్తది కాదు. అసలు రాజ్యం జెండా మీదే రొట్టె ఉన్న ఊరిది. మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ ఖాన్ దక్కనుకు వచ్చిన కాలంలో ఔరంగాబాదు సూఫీ నిజాముద్దీన్ ఆయనను భోజనానికి పిలిచి, పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు పెట్టాడనీ, ఆయన ఏడు తిన్నాడనీ, నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని సూఫీ దీవించాడనీ కథ. పసుపు జెండా నడుమ ఉన్న గుండ్రని గుర్తు ఆ కుల్చాయే అంటారు. ఏడో నిజాముతో 1948లో రాజ్యం ముగిసింది గనుక కథకు బలం వచ్చింది. ఇలాంటి కథలు ముగింపు తెలిశాక కుదురుకుంటాయని నా అనుమానం. అయినా పొంగిన రొట్టెను రాజచిహ్నంగా ఊహించుకున్న నగరం మరొకటి ఉందో లేదో!

1851లో, నాలుగో నిజాం కాలంలో, మహమ్మద్ హుస్సేన్ అనే ఆయన పురానీ హవేలీ దగ్గర నాన్ దుకాణం పెట్టాడు. ఆయన నిజాం కొలువులో మున్షీ, అంటే లేఖకుడు. అందుకే దానికి మున్షీ నాన్ అనే పేరు స్థిరపడింది. నాలుగు కోణాల నాన్ ఆ దుకాణం గుర్తు. తెల్లవారుజామున నహారీలోకి, పాయాలోకి ఆ నాన్ కట్టలు కట్టలుగా ఇళ్లకు వెళ్లేది. ఇక్కడ ఒక మాట గమనించాలి. ఇళ్లకు *వెళ్లేది*. ఇళ్లలో కాలేది కాదు.

ఇక నగరానికి ఉత్తరాన, 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత దిగిన ఇంగ్లీషు పటాలం కోసం 1806లో సికింద్రాబాదు వెలిసింది. తెల్ల సిపాయికి రోజుకు ఒక పౌను రొట్టె రేషను. వాళ్ల కోసం భట్టీలు లేచాయి. అప్పటికి పొట్లాల ఈస్టు లేదు. గోవాలో పోర్చుగీసులు రొట్టె పొంగించడానికి ఏది వాడారో దక్షిణాదిలో ఇంగ్లీషువాళ్లు కూడా అదే వాడారు. అది కల్లు. తాటికల్లులోనూ ఈతకల్లులోనూ పులిసేటప్పుడు పెరిగే శిలీంధ్రమూ, ఇవాళ పొట్లాలలో అమ్మే ఈస్టూ ఒకే జాతి, శాకరోమైసిస్ సెరివిసీ. ఊరి చివర తాడిచెట్టు మీద కుండలో ఉన్నదే దొరగారి బల్ల మీది రొట్టెను పొంగించింది. తెలంగాణ పల్లెలో కల్లుకు కొరత ఎప్పుడూ లేదు కదా, మరి రొట్టె ఎందుకు పుట్టలేదు?

ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే. బొంబాయి, పుణెల మీదుగా వచ్చిన ఇరానీలు హోటళ్లు తెరిచారు. బన్ను, మస్కా, ఉస్మానియా బిస్కట్టు నగరం నాలుక మీద స్థిరపడ్డాయి. దేశవిభజనలో సింధును వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాణీ 1953లో మొజంజాహీ మార్కెట్టు దగ్గర కరాచీ బేకరీ తెరిచాడు. పెళ్లిళ్లలో డబల్ కా మీఠా లేకపోతే విందు కాదన్న స్థితి వచ్చింది. ఇన్ని చోట్ల నుంచి వచ్చిన ఇన్ని రకాల రొట్టె, అంతా వీధిలోనే ఆగిపోయింది.

వెంటనే తోచే సమాధానం: మన ఇళ్లలో ఓవెన్ లేదు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కానీ ఈ సమాధానం రెండు వైపుల నుంచీ నిలవదు.

మొదటిది, యూరపులో ఇంటింటా ఓవెన్ ఉండేదన్నదే అపోహ. క్రీస్తుశకం 79లో బూడిద కింద కప్పబడిన పాంపే నగరంలో ముప్పై దాకా రొట్టెల దుకాణాలు బయటపడ్డాయి. ఎనిమిది ముక్కలుగా గీతలు పెట్టిన గుండ్రని రొట్టె బొగ్గయి మిగిలింది. అది దుకాణం రొట్టె. మధ్యయుగపు ఫ్రాన్సులో ఊరి ఓవెన్ భూస్వామిది, జనం పిండి కలుపుకొని అక్కడికి తీసుకెళ్లి, సుంకం చెల్లించి కాల్పించుకోవాలి. ఆ హక్కులు 1789 విప్లవం తరువాత గాని రద్దు కాలేదు. కారణం సులభం. ఇటుకల భట్టీ వేడెక్కడానికి మోపులకొద్దీ కట్టెలు కావాలి, ఒక్క ఇంటి రొట్టె కోసం అంత మండించడం దండగ. ఒకసారి మండితే వంద రొట్టెలు కాలాలి. మన పాతబస్తీలో మొహర్రం నెలలో దమ్ కే రోట్ కోసం ఇంట్లో సరుకు సిద్ధం చేసి బేకరీ భట్టీకి పంపే అలవాటు ఇందుకు తోబుట్టువే.

రెండవది, ఓవెన్ పనిని మన వంటపాత్ర చేయలేదనడం తప్పు. నేడు పాశ్చాత్యులు ఇంటి రొట్టెకు బరువైన ఇనుప పాత్ర, దానికి బిగుతైన మూత వాడతారు. పిండిలోని నీరే ఆవిరై లోపల నిలిచి, పైపెచ్చు వెంటనే గట్టిపడకుండా ఆపుతుంది, ఆ వ్యవధిలో రొట్టె పొంగుతుంది. 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ రాసిన వ్యాసంతో జిమ్ లేహీ అనే రొట్టెలవాడి పద్ధతి లోకమంతా పాకింది. పావు చెంచా ఈస్టు, పిసకడం లేదు, పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల నిరీక్షణ, కాగిన పాత్రలో మూతపెట్టి కాల్చడం. అది చదివి హైదరాబాదీ నవ్వుకోవాలి. మూతకు పిండి మెత్తి, కింద నిప్పులూ పైన నిప్పులూ వేసి దమ్ము పెట్టడం మనకు ఎవరు నేర్పాలి? అంతదాకా ఎందుకు, మా అమ్మమ్మ మినప దిబ్బరొట్టెను దళసరి మూకుడులో పోసి, మూత మీద నాలుగు బొగ్గు కణికలు పెట్టేది. పులిసిన పిండి, మందపు పాత్ర, పైనా కిందా వేడి. అది ఓవెన్ కాక మరేమిటి?

కాబట్టి పులుపు ఉంది, పొయ్యి ఉంది. లేనిది గోధుమ. తెలుగునేల వరి తిన్నది, జొన్న తిన్నది, రాగి, సజ్జ తిన్నది. వీటిలో దేనికీ గోధుమకున్న జిగురు లేదు. ఈస్టు విడిచే గాలిని బుడగలుగా పట్టి ఉంచేది గోధుమ మాంసకృత్తుల వల, దానినే గ్లూటెన్ అంటున్నాం. జొన్నపిండిని ఎంత పులియబెట్టినా గాలి నిలవదు, అందుకే జొన్నరొట్టె పలచగా తట్టి వెంటనే కాల్చేది. ఇడ్లీలో గాలిని పట్టేది మినుముల జిగురు. అది ఆవిరికి నిలుస్తుంది గాని నిలువెత్తు రొట్టెను మోయలేదు. గోధుమ సామాన్యుడి ఇంటికి వచ్చింది 1956 తరువాత. అమెరికా పి.ఎల్.480 చట్టం కింద ఓడల్లో వచ్చిన గోధుమ రేషను దుకాణాలకు చేరింది, తరువాత హరిత విప్లవపు గోధుమ వచ్చింది. వచ్చినా చపాతీగా వచ్చింది, పూరీగా వచ్చింది. రొట్టెగా రాలేదు.

ఇక్కడే నాకు అసలు కారణమని తోచేది ఉంది. రొట్టె నీళ్లతో కలిపిన పిండి, పరాయి చేతుల్లో పిసికినది, పరాయి భట్టీలో కాలినది. కాల్చేవాళ్లు ముస్లిములు, క్రైస్తవులు, ఇరానీలు. అంటు, మడి, మైల లెక్కల్లో ఇంతకన్నా నిషిద్ధమైన తిండి దొరకదు. 1890లో పుణెలో క్రైస్తవ మిషనువారి ఇంట టీ, బిస్కట్లు పుచ్చుకున్నారన్న ఆరోపణ మీద రానడే, తిలక్ వంటి పెద్దల మీదే విచారణ జరిగి ప్రాయశ్చిత్తాల దాకా వెళ్లింది. పెద్దల సంగతే అలా ఉంటే మామూలు గృహస్థు మాటేమిటి? మా అమ్మమ్మ ఇంట్లో రొట్టె పొట్లం వీధి అరుగు గూటిలో ఉండేది. జ్వరం వచ్చినవాడికి వరండాలోనే పెట్టేవారు. ఔషధానికి దోషం లేదన్న సూత్రం కింద రొట్టె మన ఇంటి గడప దాకా రాగలిగింది, వంటింటి గడప దాటలేదు. "ఓవెన్ లేదు" అన్నది తరువాత మనం చెప్పుకున్న మర్యాదైన కారణం. దీనిని ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది, ఎందుకంటే ఆ అరుగు గూడు నాకు ఇష్టమైన జ్ఞాపకం.

ఈ అంటరానితనాన్ని చివరికి చెరిపింది సంస్కర్తలు కాదు, యంత్రం. 1965లో భారత ప్రభుత్వం మోడరన్ బేకరీస్ స్థాపించింది. ముక్కలుగా కోసి, కాగితంలో చుట్టిన రొట్టె వచ్చింది. ఎవరి చెయ్యీ తగలలేదు గనుక ఎవరి మైలా అంటలేదు! 2000లో ఆ సంస్థ హిందూస్తాన్ లీవర్ చేతికి వెళ్లింది. ఈలోగా ఇంగ్లండులోని చోర్లీవుడ్‌లో 1961లో కనిపెట్టిన పద్ధతి ప్రపంచపు రొట్టెను మార్చేసింది. పిండిని యంత్రంతో అతివేగంగా గిలక్కొట్టి, రాత్రంతా పులియవలసిన పనిని కొద్ది గంటల్లో ముగించడం దాని సారాంశం. రుచి ఆ పోయిన గంటల్లోనే ఉండేది. లోటు పూడ్చడానికి పొడులు వచ్చాయి. వాటిలో ఒకటైన పొటాషియం బ్రోమేటును మన దేశంలో 2016లో గాని నిషేధించలేదు. మడి చూసుకుని తిన్న రొట్టెలో ఏముందో అడగడానికి మనకు యాభై ఏళ్లు పట్టిందన్నమాట.

ఇంత చెప్పాక, మాట విషయంలో మనం అంత బీదవాళ్లం కామని కూడా చెప్పాలి. తెలుగు బైబిలు అనువాదకులు ఈ చిక్కును ముందే ఎదుర్కొన్నారు. ప్రభువు ప్రార్థనలో ఇంగ్లీషులో రొట్టె ఉన్నచోట వాళ్లు "ఆహారము" అన్నారు. రొట్టె మన రోజువారీ తిండి కాదని వాళ్లకు తెలుసు. కానీ ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో పులుపు కలిపిన ఉపమానం దగ్గర తప్పించుకోలేక "పుల్లని పిండి" అన్నారు. ఎంత చక్కని మాట! ఇవాళ మన పిల్లలు స్టార్టర్ అంటున్నది అదే. నా సీసా మీద నేను ఆ మాటే రాసి అంటించాను.

ఆ సీసా సంగతి కూడా చెప్పాలి, ఎవరికైనా మొదలుపెట్టాలని ఉంటే పనికొస్తుంది. యాభై గ్రాముల మరపట్టిన గోధుమపిండి, అంతే నీళ్లు, కలిపి వదులుగా మూతపెట్టాను. రోజూ సగం తీసేసి, మళ్లీ అంత పిండి, అంత నీరు. రెండోరోజే బుసబుస పొంగింది. గెలిచాననుకున్నాను. అది ఈస్టు కాదు, మొదట చేరే బాక్టీరియా. ఇడ్లీపిండిని పొంగించే రకపు జీవులే. మూడోరోజు చచ్చినట్టు పడుకుంది, వాసన కూడా బాగోలేదు. చాలామంది ఇక్కడే పారబోస్తారు, నేనూ ఒకసారి పారబోశాను. ఆగాలి. పులుపు పెరిగాక ఆ మొదటి బాక్టీరియా తగ్గి, పులుపును తట్టుకునేవీ ఈస్టూ కలిసి స్థిరపడతాయి. వారానికి నా పుల్లని పిండి నాలుగైదు గంటల్లో రెట్టింపవడం మొదలుపెట్టింది. పండిన అరటిపండు, పెరుగు కలిసిన వాసన.

రొట్టెకు కొలత ఇది: మైదా 350 గ్రాములు, గోధుమపిండి 150, నీరు 340, పుల్లని పిండి 100, ఉప్పు 10. పాశ్చాత్య పుస్తకాలు పిండి ఎనిమిది, పది గంటలు పొంగనివ్వమంటాయి. అవి చలిదేశపు వంటిళ్లలో రాసినవి. మే నెల మాసబ్ ట్యాంకులో మూడున్నర గంటలు దాటితే పిండి జావ అయిపోతుంది. నా మొదటి నాలుగు రొట్టెలు పుస్తకాన్ని నమ్మి చెడ్డాయి. డిసెంబరులో అదే పిండికి ఏడెనిమిది గంటలు కావాలి. గడియారాన్ని కాక పిండిని చూడమన్నది మా అమ్మ. ఆమె జీవితంలో రొట్టె చేయలేదు గాని, ఏ నెలలో ఇడ్లీపిండి ఎప్పుడు రుబ్బి ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు. "ఎండాకాలం తోడు చిటికెడు వేస్తాం, చలికాలం చెంచాడు వేస్తాం. దీనికీ అంతే కాదుట్రా?" అంది. అంతే. వేసవిలో పుల్లని పిండి సగానికి తగ్గించాక రొట్టె దారికి వచ్చింది. మలిచిన ముద్దను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే 240 డిగ్రీల వేడిలో అరగంట కాగిన మూతపాత్రలో వేసి, పైన బ్లేడుతో గాటు పెట్టి, మూతతో ఇరవై అయిదు నిమిషాలు, మూత తీసి ఇరవై నిమిషాలు. తీసిన వెంటనే కోయకూడదు, గంటైనా ఆగాలి. ఆగడమే అన్నిటికన్నా కష్టం.

మా అమ్మ ఇప్పటికీ దీనిని అన్నం బదులు తినదు. కాలిన అంచుముక్క ఒకటి తీసుకుని, గోంగూర పచ్చడి రాసుకుని, వంటింట్లోనే నిలబడి తింటుంది.

ఒకసారి మా ఓవెన్ పాడైంది. కలిపిన పిండి ఉంది, పారబోయబుద్ధి కాలేదు. గిన్నెలో పెట్టుకుని దగ్గరలోని ఒక చిన్న బేకరీకి వెళ్లాను. వెనుక కట్టెల భట్టీ ఉంది. భట్టీ దగ్గరి పెద్దాయన పిండిని వేలితో నొక్కి చూసి, "పానీ జ్యాదా హై" అన్నాడు. తరువాత వాసన చూశాడు. మరోసారి చూశాడు. తన చిన్నప్పుడు వాళ్ల నాన్న నాన్ పిండికి ముందురోజు ముద్ద దాచేవాడనీ, దానిని ఖమీర్ అనేవాళ్లమనీ, ఈ వాసన మళ్లీ ఇప్పుడే చూస్తున్నాననీ చెప్పాడు. ఇప్పుడంతా పొట్లమే. నా ముద్దను పొడవాటి చెక్కగరిటె మీద పెట్టి లోపలికి తోశాడు. అడుగు మాడింది, పైన మాత్రం నా ఓవెన్లో ఎన్నడూ రాని రంగు వచ్చింది. డబ్బులు తీసుకోలేదు. టీ గ్లాసు కడిగి తెచ్చి, ఇంటికెళ్లి అందులో కొంచెం ఖమీర్ పంపించమన్నాడు. నాలుగు గంటలు దాటాక రమ్మనీ, బన్నులు తీసేశాక భట్టీ కొంచెం చల్లబడుతుందనీ, అప్పుడైతే అడుగు మాడదనీ చెప్పాడు.